ప్రమాణ పేద

అసిరయ్య ఆఫీసుకెళ్ళింది రేకుల కోసం. ఆఫీసువాళ్ళు రేకులివ్వలేదు సరికదా, అతన్నే ఉంచేసుకున్నారు.

ఇందులో అసిరయ్య తప్పేమీ లేదు. దిబ్బలపాలెంలో కొబ్బరిపీచు తాళ్ళు పేనుకుని బతికే మనిషి. ఇంటిమీది తాటాకు పోయినేడు గాలివానకి కొంత ఎగిరిపోయింది. ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా పెళ్ళాం తవిటమ్మ మంచం మీదే చిల్లు పడింది. ఆవిడకి వానాకాలం వస్తే చాలు ఆయాసం. పోయిన వానలన్నిటికీ నెత్తిన గోనెపట్టా కప్పుకుని కూర్చునే తెల్లారబెట్టింది.

"మళ్ళీ వాన పడీలోగా రెండు రేకులేయించు మావా. నేపోతే నన్నిలాగ కూకున్నదాన్ని కూకున్నట్టే కాటికి మొయ్యాల" అంది నవ్వుతూ. నవ్వుతూ అంది కాబట్టే అసిరయ్యకి మరీ గుచ్చుకుంది. గవర్నమెంటు పేదోళ్ళకి ఉచితంగా రేకులిస్తోందని ఎవరో చెబితే, ఉతికిన పంచె కట్టుకుని జిల్లా ఆఫీసుకి బస్సెక్కాడు.

ఆ ఆఫీసు పేరు దారిద్ర్య గాఢతా మాపన సంస్థ. చదువుకున్నవాళ్ళు కూడా మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకుని చదివే పేరు. దానికి సంచాలకులు పరాంకుశరావుగారు. పేదరికం గురించి పైదేశాల్లో చదువుకుని వచ్చిన పెద్దమనిషి. ఆ చదువుకి తండ్రిగారి మామిడితోట మొత్తం ఖర్చయిందని చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో సంస్థ పెద్ద చిక్కులో ఉంది. ఎవరి పేదరికం ఎక్కువ లోతుగా ఉంటే వాళ్ళకే ముందు రేకులివ్వాలని ఉత్తర్వు వచ్చింది. లోతు కొలవమంటే రెవెన్యూవాళ్ళు ఒక లోతు చెప్పారు, పంచాయతీవాళ్ళు ఇంకో లోతు చెప్పారు, బ్యాంకువాళ్ళు అసలు లోతే లేదన్నారు. రేకులు మాత్రం గోడౌన్లో కట్టలు కట్టలుగా పడి తుప్పుపడుతున్నాయి. దానిమీదే ఆ పొద్దున్న మీటింగు నడుస్తోంది.

"గుడ్డకి మీటరుంది" అంటున్నారు పరాంకుశరావుగారు బల్ల గుద్దుతూ. "బియ్యానికి కిలో ఉంది. ఆ కిలో ఎంతో తేల్చడానికి అసలు సిసలు కిలో ఒకటి గాజుబుడ్డిలో పెట్టి ఏళ్ళ తరబడి కాపాడారు. మరి పేదరికానికేదయ్యా? అసలు పేద ఎక్కడ? దేనితో పోల్చి కొలుస్తున్నాం మనం?"

సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి ఒక తల లోపలికొచ్చింది.

"బాబూ, రేకులిచ్చీదిక్కడేనేటి?"

అందరూ అసిరయ్యకేసి చూశారు. మాపనాధికారి చక్రపాణి లేచి, సంతలో పశువుని చూసినట్టు అతని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఎముకలు కనిపిస్తున్నాయి సార్, కానీ అతిగా కనిపించడం లేదు. పంచెకి మాసికలున్నాయి, పరువు కూడా ఉంది. ఏడవడం లేదు, నవ్వడం లేదు. ఏం పెద్దాయనా, రోజూ తింటావా?"

"ఉన్ననాడు తింతాను బాబూ. నేన్నాడు నేదు."

పరాంకుశరావుగారి కళ్ళు చెమర్చాయి. "ఇంత సమతూకం నేను పైదేశాల్లో కూడా చూడలేదు" అన్నారు.

ఆ విధంగా అసిరయ్య ప్రమాణ పేద అయ్యాడు. సంగతేమిటో చక్రపాణి అతనికి వివరించాడు. జిల్లాలో ప్రతి దరఖాస్తుదారునీ తెచ్చి అతని పక్కన నిలబెట్టి పోలుస్తారు. వారంలో అతనికన్నా ఒకపూట తిండి తక్కువ తినేవాడు ఒక అసిరి లోతు పేద. రెండు పూటలు తక్కువైతే రెండు అసిరులు. అవును, కొలతకి అతని పేరే పెట్టారు. ఒక్క అసిరి లోతున్నా చాలు, రేకులొస్తాయి. అతనితో సమానంగానో అంతకు పైనో ఉంటే రావు.

"తమరు సర్వే ముగిసేవరకు యథాతథస్థితిలో కొనసాగవలసి ఉంటుంది" అన్నాడు చక్రపాణి.

"అంటే ఏటి సెయ్యాలి బాబూ?"

"కూర్చోవాలి."

"మరి నా రేకులో?"

"సర్వే అనంతరం తమ అభ్యర్థన ప్రాధాన్యతా క్రమంలో పరిశీలించబడుతుంది."

ఇందులో అసిరయ్యకి అర్థమైంది ఒక్కటే: కూర్చుంటే రేకులొస్తాయి. "వాన పడీలోగా అయిపోద్దా?" అని అడిగాడు.

"వాన మా శాఖ పరిధిలోనిది కాదు" అన్నాడు చక్రపాణి నిజాయితీగా.

జీతం ఊసెత్తితే పరాంకుశరావుగారు నొచ్చుకున్నారు. జీతమిస్తే పేద ఎలా అవుతాడు? బుర్ర ఉన్నవాడెవడైనా ఆ మాట అంటాడా? వరండాలో ఉన్న ఒక గదికి చుట్టూ గాజు బిగించి, బల్ల వేసి, అందులో కూర్చోబెట్టారు. పాతరోజుల్లో అది దరఖాస్తులు తీసుకునే గది. జనం కాగితాలు లోపలికి తోసే చిన్న కిటికీ ఒకటి దానికి ఇంకా అలాగే ఉండిపోయింది. అది మూయించాలని ఎవరికీ తోచలేదు. తర్వాత జరిగిన గొడవంతా ఆ కిటికీవల్లే.

మొదటి సమస్య గంజి. ప్రమాణ పేద ఇంట్లో ఏం తింటాడో అదే తినాలి, మెతుకు ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. గెస్టుహౌసు వంటవాడికి పురమాయిస్తే, వాడు గంజిలో జీడిపప్పు వేసి, పైన కొత్తిమీర చల్లి, గాజుగిన్నెలో పంపాడు. "మీ గంజి నిర్దేశిత స్థాయిని మించి ఉన్నది" అని సంస్థవాళ్ళు తిప్పి పంపారు. చివరికి తవిటమ్మ చేతి గంజి అయితేనే కొలతకి నిలుస్తుందని తేల్చారు. ఆవిడకి బస్సు చార్జీ ఇస్తే ఆదాయం కిందికొస్తుంది కాబట్టి అదీ లేదు. పాపం, పీచు లారీ డ్రైవరుని బతిమాలుకుని, సత్తుగిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చేది.

రెండో సమస్య అసిరయ్య చేతులు. పుట్టి బుద్ధెరిగాక అవి ఊరికే ఉన్నది లేదు. "కూసింత పీచు పడీండి బాబూ, కూకునే పేనుతాను" అన్నాడు. పని చేస్తే ఆదాయం, ఆదాయమొస్తే ప్రమాణం చలిస్తుందన్నారు. దాంతో అసిరయ్య ఖాళీ చేతులు రెండూ రాసుకుంటూ, లేని పీచుతో లేని తాడు పేనుతూ కూర్చున్నాడు. చూసేవాళ్ళకి చలేస్తోందేమో అనిపించేది.

మూడోరోజో నాలుగోరోజో తవిటమ్మ గంజి తెస్తూ ఇంకో కబురు కూడా మోసుకొచ్చింది.

"మనింటికి బోర్డెట్టినారు మావా."

"ఏటి బోర్డే?"

"తలుపంత ఉన్నాది. రేకు బోర్డు. మన పక్కింటి గౌరప్పా, దానింటోలూ కలిసి చిల్లుకి రెండు తాటాకులేద్దారని నిచ్చెనెక్కితే, నీ సక్రపాణిబాబు జీపు దిగొచ్చి ఆపించేసినాడు. ఇల్లు కూడా నీలాగ పెమాణమేనట. ఎలాగున్నది అలాగే ఉండాలట. ఆ చిల్లు గవుర్మెంటుదట."

"చిల్లు గవుర్మెంటుదేటే?"

"నానూ అదే అడిగినాను. చిల్లు గవుర్మెంటుదైతే దాని కిందనున్న నాను ఎవల్దాన్ని బాబూ అన్నాను. 'మీరు ప్రమాణంలో అంతర్భాగం' అన్నాడు. తిట్టినాడో మెచ్చుకున్నాడో తెల్దు."

బోర్డు మీద ఏముందో చక్రపాణే అసిరయ్యకి చదివి వినిపించాడు, గర్వంగా: "ప్రభుత్వ ప్రమాణ గృహము. ఎట్టి మరమ్మతులు చేయరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు." జీవితంలో మొదటిసారి తన ఇంటిమీద నాలుగక్షరాలు రాశారని అసిరయ్య వాటిని కంఠతా పట్టేశాడు.

కొలతలు మొదలయ్యాయి. ఊళ్ళకి ఊళ్ళు తరలివచ్చి వరండాలో బారులు తీరాయి. ఒక్కొక్కరినీ గాజుగది పక్కన నిలబెట్టి, అసిరయ్యకేసి ఒకసారి, వాళ్ళకేసి ఒకసారి చూసి, నిన్నేం తిన్నావు, మొన్నేం తిన్నావు అని చక్రపాణి అడిగేవాడు. "సమానం! తర్వాతవాడు!" "అర అసిరి! చాలదు, తర్వాతవాడు!" మొదటి రెండు రోజులు రేకులు దక్కినవాళ్ళు దాదాపు లేరు. సంస్థ లెక్కన జిల్లా అంతా అసిరయ్యంత సుఖంగా ఉన్నట్టే తేలింది. పరాంకుశరావుగారు పైకి అభినందనలు కూడా అందుకున్నారు.

కానీ మధ్యాహ్నమయ్యేసరికి జనానికి ఆకలేస్తుంది కదా. దూరాభారం నుంచి వచ్చినవాళ్ళు కొంగులో మూటలు విప్పుకుని వరండాలో చతికిలబడేవారు. చద్దన్నం, ఉల్లిపాయ, ఉన్నవాళ్ళకి కాస్త చేపల ఎసరు. తల ఎత్తితే ఎదురుగా గాజులోంచి ఒక ముసలాయన చూస్తూ కూర్చున్నాడు.

"ఓరి నాయనో, ఎదర మనిషి సూత్తా కూకుంటే ముద్దెలాగ దిగుద్ది?" అంది ఒక ముసల్ది. లేచి వెళ్ళి ఒక ముద్ద కిటికీలోంచి లోపలికి పెట్టింది.

"వొద్దప్పా, నాను పెమాణాన్ని" అన్నాడు అసిరయ్య.

"పెమాణమైతే కడుపు నేదేటి? తిను."

పెద్దావిడ పెడితే కాదనకూడదు. తిన్నాడు. ఆవిడని చూసి ఇంకొకరు, ఇంకొకర్ని చూసి మరొకరు. ఏ ఊరని ఎవరూ అడగలేదు, ఏ కులమని కూడా అడగలేదు. తినేముందు కిటికీలో ఒక ముద్ద పెట్టడం ఆ వరండాలో రివాజైపోయింది. ఒకాయన పాత కంబళి తోశాడు. ఒకావిడ కోడిగుడ్డు ఉడకబెట్టి తెచ్చింది. ఒక కుర్రాడు బీడీ తోస్తే వాడి తాత అది లాక్కుని, తన బీడీకట్ట అగ్గిపెట్టెతో సహా లోపలికిచ్చాడు. కిటికీ దరఖాస్తులు తీసుకున్న రోజుల్లో కూడా దానిముందు అంత మర్యాద జరగలేదు.

పక్షం తిరిగేసరికి అసిరయ్య బుగ్గలు నిండాయి. నెల తిరిగేసరికి చిన్న బొజ్జ వచ్చింది. ప్రమాణం అలా ఒళ్ళు చేస్తుంటే, పక్కన నిలబడ్డవాళ్ళంతా చిక్కినట్టు కనబడ్డారు. "మూడు అసిరులు! ఇవ్వండి రేకులు!" "అయిదు! ఇవ్వండి!" చక్రపాణి గొంతు బొంగురుపోయింది. గోడౌన్ తలుపులు తెరుచుకున్నాయి. లారీల మీద రేకులు పెళపెళలాడుతూ ఊళ్ళకి పోయాయి. దిబ్బలపాలెం దిబ్బలపాలెమంతా రేకులొచ్చాయని తవిటమ్మ చెప్పింది. గౌరప్పకి ఏకంగా ఆరు అసిరులట. "ఆరంటే మాటలేటి, ఊర్లో అందరికన్నా దానికే ఎక్కువ" అంది కొంచెం కుళ్ళుగా.

"మన వంతు కూడా వత్తాదిలేవే. ఇంటోడు ఆకర్నే ఒడ్డించుకోవాల గదా" అన్నాడు అసిరయ్య. బొజ్జ నిమురుకుంటూ అన్నాడు గానీ, చూపు మాత్రం బయటి మబ్బుల మీదే ఉంది.

అక్కడ రాజధానిలో గగ్గోలు పుట్టింది. నెల కిందట సుఖంగా ఉన్న జిల్లా నెల తిరక్కుండా నిరుపేదదైపోయింది! మంత్రిగారి కార్యదర్శి హుటాహుటిన కారులో దిగాడు. సమీక్షా సమావేశం పెట్టారు. ప్రమాణం లేనిదే సమీక్ష చెల్లదు కాబట్టి అసిరయ్యని కూడా తెచ్చి మూల కుర్చీలో కూర్చోబెట్టారు. కార్యదర్శి అతన్ని చూశాడు. బొజ్జ చూశాడు.

"ఏమిటిది?"

"ప్రమాణంలో స్వల్ప వ్యాకోచం సంభవించింది సార్" అన్నారు పరాంకుశరావుగారు.

"ఇతను ఒకపూట ఎక్కువ తింటే జిల్లా అంతా ఒకపూట పేదదవుతుందా?"

"శాస్త్రప్రకారం అంతే సార్."

కార్యదర్శి కాసేపు ఆలోచించాడు. ఊరికే కార్యదర్శులు కారు కదా. "అయితే ఇతను ఒకపూట మానేస్తే?" అన్నాడు మెల్లిగా.

అంత సులువైన ఉపాయం అంతవరకూ ఎవరికీ తట్టనందుకు అధికారులందరూ సిగ్గుపడ్డారు. ఇన్నేళ్ళూ పేదరికం పోగొట్టడానికి బ్యాంకులన్నారు, బర్రెలన్నారు, కుట్టుమిషన్లన్నారు. ఒక్క మనిషి గంజి తగ్గిస్తే పోయేదానికి! పొద్దుటి గంజి ఆపితే మైదానప్రాంతం గట్టెక్కుతుంది. సాయంత్రం గంజి కూడా ఆపితే కొండప్రాంతం సైతం. వారానికి రెండు నిరాహార దినాలు పాటిస్తే రాష్ట్రం దేశంలోనే ముందుంటుందని ఒకాయన అక్కడికక్కడే గీత గీసి చూపించాడు.

అసిరయ్య మూలనుంచి చెయ్యెత్తాడు. "బాబూ, నాను పస్తుంటే జిల్లా బాగుపడతాదంటే ఉంతాను. నాకలవాటే. మరి నా రేకులో?"

"మీ త్యాగాన్ని ప్రభుత్వం గుర్తిస్తుంది" అన్నాడు కార్యదర్శి. రేకుల మాట ఎత్తలేదు.

మర్నాటినుంచి గంజి ఆగిపోయింది. తవిటమ్మ గిన్నెతో వస్తే గేటు దగ్గరే ఆపేశారు. సంగతి తెలియక ఆవిడ గేటవతల నిలబడి, "ఏటైనాది మావా? ఒంట్లో బాగున్నాదా?" అని అరుస్తుంటే, గాజులోంచి అసిరయ్య చేతులూపాడే తప్ప ఏం చెప్పగలడు? ఆ పూట అతనికి ఏడుపొచ్చింది. ఆకలికి కాదు. ఆవిడ ఆ గిన్నె మూత మళ్ళీ పెట్టుకుని, కొంగు నోటికడ్డం పెట్టి దగ్గుకుంటూ వెనక్కి పోవడం చూసి.

ప్రభుత్వం లెక్క బాగానే ఉంది గానీ, వరండా సంగతి వాళ్ళు లెక్కలో వేసుకోలేదు. ముసలాయనకి గంజి ఆపేశారన్న మాట బారంతా పాకింది. ఒక ముద్ద పెట్టేవాళ్ళు రెండు పెట్టారు. గుడ్డు ముక్క ఇచ్చేవాళ్ళు గుడ్డంతా ఇచ్చారు. కొలతకి రానక్కర్లేనివాళ్ళు కూడా పనిగట్టుకుని వచ్చి, కిటికీలో పెట్టి పోయారు. సంస్థ ఎంత కోస్తే అసిరయ్య అంత ఒళ్ళు చేశాడు. అందరి అసిరులూ పెరిగి, గోడౌన్ అడుగు కనబడింది.

చక్రపాణి చివరికి కాపు కాసి, కిటికీలోకి పోతున్న చేపముక్కని చేత్తో పట్టుకున్నాడు. చేపముక్క ఇచ్చినావిడ ఏమీ జంకలేదు. "నీకూ కావాలేటి బాబూ? అడిగితే పెడతాను గదా" అని ఇంకో ముక్క అతని చేతిలో పెట్టింది. చక్రపాణి చుట్టూ చూసి నోట్లో వేసుకున్నాడని, బాగుందని కూడా అన్నాడని అంటారు.

ప్రమాణం కలుషితమైందని సంస్థ ప్రకటించింది. ఈసారి మనిషి వద్దు, నిలువెత్తు కంచు పేదని పోత పోయించాలని తీర్మానించారు. కంచు పేద తినదు, ఒళ్ళు చెయ్యదు, రేకులడగదు. పరాంకుశరావుగారు మంచి కంచు చూడ్డానికి పైదేశం బయల్దేరారు. అసిరయ్యని విముక్తుణ్ణి చేసి, శాలువా కప్పి ఫొటో తీసి, ఫొటో అయ్యాక శాలువా తీసుకున్నారు.

"ఇప్పుడు నా రేకులు బాబూ" అన్నాడు అసిరయ్య.

"తప్పకుండా. నియమం ప్రకారం ముందు మీ లోతు కొలవాలి" అన్నాడు చక్రపాణి. అసిరయ్యని ఖాళీ గాజుగది పక్కన నిలబెట్టాడు. గదికేసి చూశాడు, అసిరయ్యకేసి చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"ప్రమాణం అసిరయ్య. దరఖాస్తుదారు అసిరయ్య. ఆయన నిన్న తిన్నదీ మీరు నిన్న తిన్నదీ ఒకటే. తేడా సున్నా" అన్నాడు. చెప్పడానికి అతనికి కూడా కష్టంగానే ఉంది. "మీకన్నా మీరు ఒక్క మెతుకు కూడా పేద కారు పెద్దాయనా. జిల్లా అంతటికీ పేదరికం లేదని ఖచ్చితంగా చెప్పగలిగేది మీ ఒక్కరి విషయంలోనే."

"మరి నా పేరేగదా కొలతకెట్టినారు?"

"అందుకే."

"పోనీ ఆ బోర్డైనా తీయించీండి బాబూ, తాటాకులేసుకుంతాను."

"దాని తొలగింపునకు వేరే ఉత్తర్వులు రావాలి" అన్నాడు చక్రపాణి.

అసిరయ్య దిబ్బలపాలెంలో బస్సు దిగేసరికి వాన మొదలైంది. ఊరంతా కొత్త రేకుల మీద చినుకులు పెళపెళమంటున్నాయి, ఒకరి మాట ఒకరికి వినబడనంత మోత. మోత లేనిది తన ఇల్లొక్కటే. లోపల తవిటమ్మ మంచం మీద, నెత్తిన గోనెపట్టా కప్పుకుని కూర్చునుంది.

"వొచ్చినావా? ఒళ్ళు సేసినావు మావా" అంది సంతోషంగా. అంటూనే దగ్గింది.

గౌరప్ప వచ్చి తమ ఇంటికి రమ్మంది. ఊళ్ళోవాళ్ళు తలా ఒక రేకు ఊడదీసి ఇస్తామన్నారు. కొట్టిన మేకు పీకితే పథకం రద్దని రేకుల మీదే అచ్చేసుంది. వాళ్ళ నెత్తిమీదికి వాన తేవడం అసిరయ్యకి ఇష్టం లేకపోయింది. కాసేపు గుమ్మంలో నిలబడి, తడుస్తున్న బోర్డుకేసి చూశాడు. తలుపంత బోర్డు. మందమైన రేకు, రెండువైపులా రంగు.

గౌరప్ప నిచ్చెన తెచ్చింది. అసిరయ్య బోర్డు ఊడదీసి, పైకెక్కి, అక్షరాలవైపు కిందికి పెట్టి, సరిగ్గా చిల్లు మీద బోర్లించాడు. నాలుగు మూలలా పీచుతాడుతో బిగించి కట్టాడు. ఇన్నాళ్ళకి చేతులకి నిజం తాడు దొరికింది, ముడి మీద ముడి వేశాడు.

కారడం ఆగింది. తవిటమ్మ గోనెపట్టా తీసి పక్కన పడేసి, నడుం వాల్చి, పైకి చూసింది.

"ఏటి రాసున్నాది మావా దానిమీద?"

"ఎట్టి మరమ్మతులు సేయరాదు, అనున్నాది."

తవిటమ్మ ఆయాసమొచ్చేదాకా నవ్వింది. "మరి సేసీసినావు గదా! నిన్నట్టుకుపోతారేటి?"

"వొత్తే సెప్తాను" అన్నాడు అసిరయ్య చెయ్యి తుడుచుకుంటూ. "మరమ్మతు సెయ్యనేదు బాబూ, మీ చిల్లు మీ బోర్డుతోటే కప్పినాను, నాదేటీ వాడనేదు అంతాను."

ఆ మాట ఆవిడ విన్నదో లేదో. బోర్డు మీద చినుకుల చప్పుడు వింటూ, చిల్లు పడ్డాక వాన పడుతుండగా మొదటిసారి పడుకుని నిద్రపోయింది.